బ్యాలెన్సు: మనకు మిగిలినదా, మనపై మిగిలినదా?

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



నిన్నటి నుండి ఈ శిబిరమున మీరు చట్టమును గూర్చియు, పన్నులను గూర్చియు, త్రాగునీటి పథకములను గూర్చియు ఎన్నో విషయములు వినియున్నారు. మా వంతునకు వచ్చినది మిక్కిలి చిన్న విషయము. ఒకే ఒక్క మాట. అది ఇంగ్లీషు మాట యైనను మీకందరకును తెలిసినదే: 'బ్యాలెన్సు'. ఇంత చిన్న మాటకు ఒక గంట ప్రసంగమా యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. కార్యక్రమ పత్రమును మొదట చూచినపుడు మాకును నవ్వే వచ్చినది. కాని ఉద్యోగరీత్యా గ్రామములు తిరుగుచు మేము చూచిన తగవులలోను, నష్టములలోను ఈ మాటను ఒకరు ఒక విధముగను, మరియొకరు మరియొక విధముగను గ్రహించుట వలన వచ్చినవి కొన్ని గలవు. వానిలో ఒకదానితో ప్రారంభించెదము.

ఒక గ్రామములో గ్రామసభ జరుగుచుండెను. మేము మా ప్రచార వాహనముతో వెళ్ళి, సభ ముగిసిన పిమ్మట చిత్రమును చూపవలెనని రావిచెట్టు క్రింద కూర్చుండి యుంటిమి. మొదటిసారి ఎన్నికైన ఒక వార్డు సభ్యురాలు చేత ఒక కాగితము పట్టుకొని లేచినది.

"సర్పంచిగారూ, ఇందులో బ్యాలెన్సు మూడు లక్షల పన్నెండు వేలని రాసి ఉందండీ. మా పేటకు మురుగుకాలువ వేయించండి అంటే పంచాయతీలో డబ్బు లేదంటారు. మరి ఈ డబ్బు ఎక్కడుందండీ?"

సర్పంచిగారు పెద్దవారు, నెమ్మదస్తులు. లెక్కలన్నియు కార్యదర్శిపై విడిచిన మనిషి. "అంత డబ్బు లేదమ్మా. ఉంటే వెయ్యనా?" అనిరి. అంతటితో ఊరకున్నను బాగుండెడిది. వెనుక వరుస నుండి ఎవరో "కాగితం అబద్ధం చెబుతుందా?" అని కేక వేసిరి. తరువాత జరిగినది మేము వర్ణింపనక్కరలేదు, మీరును గ్రామసభలు చూచినవారే. కార్యదర్శి క్రొత్తవాడు, రెండు గ్రామములకు ఒక్కడు. ప్రక్క ఊరి నుండి అతడు వచ్చి చేరునప్పటికి సగము జనము ఇండ్లకు పోయినారు. సర్పంచి మూడు లక్షలు తినినాడను మాట వారితో కూడ పోయినది.

కార్యదర్శి కాగితము చూచి తల పట్టుకొనెను. "అమ్మా, ఇది డి.సి.బి. పట్టిక అండీ" అని చెప్పెను. డిమాండు, కలెక్షను, బ్యాలెన్సు. అనగా ఆ సంవత్సరము పాత బకాయితో కలిపి రావలసిన ఇంటి పన్ను ఇంత, వసూలైనది ఇంత, ఇంకను రావలసినది ఇంత. ఆ మూడు లక్షల పన్నెండు వేలు పంచాయతీ పెట్టెలో లేవు. గ్రామములోని ఇండ్లలోనే యున్నవి. కేక వేసినవారి ఇల్లు కూడ ఆ పట్టికలో నుండెనో లేదో మేము అడుగలేదు.

అప్పుడా సభ్యురాలు అడిగిన ప్రశ్న మాకు నేటికిని చెవులలో నున్నది. "రావలసినదైతే బాకీ అని రాయాలి గదండీ? బ్యాలెన్సు అని ఎందుకు రాశారు?"

అక్కడ ఎవరును బదులు చెప్పలేదు. మేమును చెప్పలేదు. ఆ మరుసటి సంవత్సరము ఆ ఊరిలో పన్ను వసూలునకు పోయిన వారితో, "పాతది తిన్నారుగా, మళ్ళీ ఎందుకు?" అని కొందరు వాదించినారని వింటిమి. ఒక మాట వలన పన్ను ఆగినది. పన్ను ఆగుటచే ఆ పేటకు మురుగుకాలువయు ఆగినది.

ఇక ఈ మాట పుట్టుకను చూతము. బ్యాలెన్సు అనగా మొదట డబ్బు కాదు, తక్కెడ. లాటిను భాషలో 'బి' అనగా రెండు, 'లాంక్సు' అనగా పళ్ళెము. రెండు పళ్ళెములు గలది 'బిలాంక్సు'. ఆ మాట ఫ్రెంచి భాష మీదుగా ఇంగ్లీషులోనికి వచ్చి బ్యాలెన్సు అయినది. మోటారు సైకిలు మీద నుండి పడినవానిని "బ్యాలెన్సు తప్పినాడు" అనుట కూడ ఈ తక్కెడ నుండి వచ్చినదే. ఒక ప్రక్క బరువెక్కి ఒరిగినాడని భావము.

మరి తక్కెడ డబ్బు లెక్కలలోనికి ఎట్లు వచ్చినది? ఇటలీ దేశపు వర్తకులు తమ లెక్కలను రెండు వైపులుగా వ్రాసెడివారు. వచ్చినది ఒక వైపు, పోయినది ఒక వైపు. లూకా పచోలీ యను గణిత పండితుడు ఈ పద్ధతిని వివరించుచు 1494లో వెనిస్ నగరమున ఒక గ్రంథమును అచ్చువేయించెను. ఈ పద్ధతిలో ఖాతాను మూయునపుడు రెండు వైపుల మొత్తములు సమానము కావలెను. కాని నిజమున అవి సమానముగా నుండవు గదా. అప్పుడు తేలికగా నున్న వైపున, లోటు ఎంత యున్నదో అంత అంకె వేసి సరిచేయుదురు. నేతిగిన్నెను తూచునపుడు రెండవ తట్టలో పడికట్టు రాయి వేసి ముల్లును సరిచేసినట్లే. ఆ సరిచేసిన అంకెకే బ్యాలెన్సు అని పేరు వచ్చినది.

ఇచ్చట కొంచెము నిదానింపుడు, ఈ ప్రసంగమునకు ఇదియే ఆయువుపట్టు. పడికట్టు రాయి ఏ తట్టలో వేయవలసి వచ్చునో ముందుగా చెప్పలేము. వచ్చినది ఎక్కువై పోయినది తక్కువైనచో, ఆ భేదము మనకు మిగిలిన సొమ్ము. ఇవ్వవలసినది ఎక్కువై ఇచ్చినది తక్కువైనచో, ఆ భేదము మనపై మిగిలిన బాకీ. రాయి ఒక్కటే, పేరును ఒక్కటే. కావుననే నగదు పుస్తకములో బ్యాలెన్సు అనగా చేతనున్న సొమ్ము, డి.సి.బి. పట్టికలో బ్యాలెన్సు అనగా చేతికి రాని సొమ్ము. రెండు పుస్తకములును ఒకే పంచాయతీ కార్యాలయములో, ఒకే బీరువాలో, ఒకదానిపై ఒకటి యుండును!

ఇది ఇంగ్లీషు వారి తప్పు అనుకొనవద్దు. మన 'బాకీ' మాటను చూడుడు. అది అరబ్బీ నుండి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన మాట. దాని అసలు అర్థము 'మిగిలినది' అని మాత్రమే. హిందీ మాటలాడువారు నేటికిని "బాకీ లోగ్" అన్నచో 'మిగిలిన జనము' అని అర్థము. అందు అప్పు ప్రసక్తి లేదు. తెలుగులోనికి వచ్చిన పిమ్మట ఆ మాట చాలవరకు ఒక తట్టలోనే కూర్చుండినది: బాకీ యన్నచో తీర్చవలసిన అప్పు. శిస్తు బాకీ, కొట్టు బాకీ, పాత బాకీ. మనకు ఒకరు ఇవ్వవలసినదియు బాకీయే, మనము ఒకరికి ఇవ్వవలసినదియు బాకీయే. అయినను పెట్టెలో నున్న సొమ్మును బాకీ యని మాత్రము ఎవ్వరును అనరు. దానికి నిల్వ యని వేరు మాట గలదు. మన పెద్దలు చిట్టా ఆవర్జాలలో నిల్వ వేరుగను, బాకీ వేరుగను వ్రాసిరి. రెండు తెలుగు మాటలకు బదులు ఒక్క ఇంగ్లీషు మాట వచ్చి చేరినది. ఆ సభ్యురాలు అడిగిన ప్రశ్నలో నున్న న్యాయము ఇదే.

ఇక నిత్య వ్యవహారమునకు వత్తము. బస్సులో టిక్కెట్టునకు ఇరువది రూపాయలైనపుడు ఏబది రూపాయల నోటు ఇచ్చితిరి. కండక్టరు వద్ద చిల్లర లేక టిక్కెట్టు వెనుక ముప్పది అని వ్రాసి "బ్యాలెన్సు దిగేటప్పుడు తీసుకోండి" అనును. అది మీకు రావలసినది. పెండ్లి పందిరి వానికి పదివేలు అడ్వాన్సు ఇచ్చితిరి. పెండ్లినాడు వాడు వచ్చి "బ్యాలెన్సు ఇప్పించండి" అనును. అది మీరు ఇవ్వవలసినది. ఫోనులో బ్యాలెన్సు లేదనినచో మీరు ముందుగా కట్టిన సొమ్ము అయిపోయినదని అర్థము. ఇవి మనము తడబడకయే గ్రహింతుము; ఏలయనగా ఎదుట మనిషి యున్నాడు, సందర్భ మున్నది. కాగితము మీద మనిషి ఉండడు. చిక్కంతయు అక్కడనే.

ఎరువుల కొట్టువాడు వ్రాసియిచ్చిన చీటీలోను, పంట అమ్మినపుడు కమీషను వ్యాపారి యిచ్చు పట్టీలోను క్రింది వరుసలో బ్యాలెన్సు అని ఒక అంకె యుండును. ఆ అంకె మీకు రావలసినదా, మీరు తీర్చవలసినదా యని అక్కడనే, అప్పుడే అడిగి, తెలుగులో ఒక మాట ప్రక్కన వ్రాయించుకొనుడు. వ్రాయుటకు నిరాకరించువానితో ఎట్లు వ్యవహరింపవలెనో మాకంటె మీకే ఎక్కువ తెలియును.

బ్యాంకు విషయము మరికొంత వివరముగా చెప్పవలెను. ఒక పల్లెలో మా వాహనము వద్దకు ఒక ముసలమ్మ వచ్చినది. డ్వాక్రా సంఘములో పదునైదు సంవత్సరములుగా సభ్యురాలు. కొంగున మడిచిన కాగితమును తీసి మాకిచ్చినది.

"నాయనా, మా సంఘం లీడరు ఇచ్చింది. నా పేరున నలభై ఆరు వేలు బ్యాలెన్సు ఉందంట. మనవరాలి కాలేజీ ఫీజుకు పదివేలు తీద్దామని బ్యాంకుకు పోతే ఇవ్వమన్నారు. నా డబ్బు నాకు ఎందుకివ్వరో కాస్త చదివి చెప్పు."

చదివితిమి. అది సంఘము తీసికొన్న ఋణములో ఆమె వంతు. తీర్చగా మిగిలినది నలుబది ఆరువేలు. ఆ మాట ఆమెతో చెప్పుట మాకు సులభము కాలేదు. మనవరాలితో అప్పటికే మాట ఇచ్చియున్నది. ఆమె కొంతసేపు నేల వైపు చూచి, "అయితే ఇది వడ్డీతో కలిపా నాయనా, వడ్డీ కాకనా?" అని అడిగినది. మేము మరల కాగితము చూచితిమి. దానిలో ఆ సంగతి లేదు. ఏ తేదీ నాటి లెక్కయో కూడ లేదు. పట్టభద్రులమైన మాకు తోచని ప్రశ్న ఆమెకు తోచినది. మరునాడు ఆమెతో బ్యాంకునకు వెళ్ళి అడుగగా, అది వడ్డీ కలుపని అంకె యనియు, రెండు నెలల క్రిందటిదనియు తేలినది.

బ్యాంకు వారి కాగితములలో అంకె ప్రక్కన రెండు గుర్తులు ఉండును. 'సి.ఆర్.' అని యున్నచో బ్యాంకు మీకు ఇవ్వవలసినది. అనగా మీ సొమ్ము. 'డి.ఆర్.' అని యున్నచో మీరు బ్యాంకునకు ఇవ్వవలసినది. కొన్నిచోట్ల 'డి.ఆర్.' బదులు అంకెకు ముందు ఒక చిన్న అడ్డగీత మాత్రమే యుండును. ఆ గీత అచ్చులో మాసిపోయినను, కంటికి ఆనకున్నను, అప్పు ఆస్తిగా కనబడును! పంట ఋణము, కిసాన్ క్రెడిట్ కార్డు, సంఘపు ఋణము గలవారు పొదుపు ఖాతా పుస్తకమును, ఋణ ఖాతా కాగితములను వేరువేరుగా ఉంచుకొనుట మేలు.

'జీరో బ్యాలెన్సు ఖాతా' అను మాట 2014 ఆగష్టు 28న ప్రధానమంత్రి జన్ ధన్ యోజన ప్రారంభమైన తరువాత ఊరూర వినబడినది. దాని అర్థము, ఖాతాలో ఏమియు లేకపోయినను ఖాతా నిలిచియుండును, అందులకు జరిమానా లేదు అని మాత్రమే. ఒక రైతు మాతో, అది డబ్బు వేసికొనరాని ఖాతా యనుకొని రెండేండ్లు దాని జోలికి పోలేదని చెప్పినాడు. సున్న యున్నను చాలుననుటకును, సున్నయే ఉండవలెననుటకును ఎంత భేదమున్నదో చూడుడు. ఇందుకు విరుద్ధమైనది 'మినిమము బ్యాలెన్సు'. అనగా ఖాతాలో ఇంతకు తగ్గరాదని బ్యాంకు పెట్టు హద్దు. భారతీయ స్టేటు బ్యాంకు 2020 మార్చిలో తన పొదుపు ఖాతాలన్నింటికిని ఈ హద్దును తీసివేయుచున్నట్లు ప్రకటించినది. అన్ని బ్యాంకులకును ఒకే నియమము లేదు గనుక మీ శాఖలో అడిగి తెలిసికొనవలెను.

మరియొక ముఖ్య విషయము. ఊరికి వచ్చు బ్యాంకు మిత్ర వద్ద ఆధారుతో వ్రేలిముద్ర వేసి బ్యాలెన్సు చూచుకొనుట ఇప్పుడు అలవాటైనది. మంచి సౌకర్యమే. అయితే బ్యాలెన్సు చూచుటకు వేయునదియు వ్రేలిముద్రయే, సొమ్ము తీయుటకు వేయునదియు వ్రేలిముద్రయే. వ్రేలు పెట్టిన మనిషికి రెండింటికిని భేదము తెలియదు. "ముద్ర పడలేదు, మళ్ళీ పెట్టు" అనినప్పుడు మొదటిసారి ఏమి జరిగినదో అడుగవలెను. ప్రతి ముద్రకును రసీదు తీసికొనవలెను. ఆ రసీదులో తీసిన సొమ్ము ఎంత, తీసిన పిమ్మట నిల్వ ఎంత యని వేరుగా నుండును. చదువురాని వారికి ఆ రెండు అంకెలు చదివి చెప్పువాడు వార్డు సభ్యుడు కాక మరెవ్వరు? ఫోను ద్వారా చెల్లింపులు చేయువారు తమ బ్యాలెన్సు చూచుకొనుటకు రహస్య సంఖ్య నొక్కవలెను, సొమ్ము పంపుటకు నొక్కవలెను. సొమ్ము వచ్చుటకు మాత్రము ఏ సంఖ్యయు నొక్కనక్కరలేదు. "మీకు డబ్బు పంపుచున్నాము, సంఖ్య నొక్కండి" అనువాడు మోసగాడు. అట్టి మోసము జరిగినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

ఇక మీ పంచాయతీ పుస్తకములు. మీరు ఇక్కడకు వచ్చినది అసలు దీనికొరకే.

నగదు పుస్తకములో 'ఓపెనింగు బ్యాలెన్సు' అనగా ప్రారంభ నిల్వ. 'క్లోజింగు బ్యాలెన్సు' అనగా ముగింపు నిల్వ. మార్చి 31 సాయంత్రపు ముగింపు నిల్వయే ఏప్రిలు 1 ఉదయపు ప్రారంభ నిల్వ కావలెను. రాత్రికి రాత్రి పుస్తకములో సొమ్ము పెరుగదు, తరుగదు. ఈ రెండు అంకెలు కలియుచున్నవో లేదో చూచుటకు పెద్ద చదువు అక్కరలేదు. కలియనిచో ఎందులకు కలియలేదని అడుగుట సభ్యుని హక్కు. కోపముతో అడుగనక్కరలేదు, కారణము సామాన్యముగా వ్రాతలో పొరపాటై యుండును.

పుస్తకములోని నిల్వకును, బ్యాంకు చూపు నిల్వకును తేడా యున్నచో కంగారుపడవలదు. మీరు చెక్కు ఇచ్చిన నాడే మీ పుస్తకములో సొమ్ము తగ్గును. చెక్కు పుచ్చుకొన్నవాడు దానిని బ్యాంకులో వేసిననాడు గాని బ్యాంకులో తగ్గదు. 2012 ఏప్రిలు 1 నుండి చెక్కునకు మూడు నెలల గడువు గలదు. ఆ మూడు నెలలలో ఎప్పుడైనను అది వచ్చి పడవచ్చును. ఖజానాకు పంపి ఇంకను చెల్లింపు కాని బిల్లుల విషయమును ఇంతే. కావున బ్యాంకు కాగితములోని బ్యాలెన్సు చూచి "ఇంత యున్నది, పని మొదలుపెట్టుడు" అని తీర్మానము చేయుట ప్రమాదము.

ఒక ఉదాహరణము చెప్పెదము. ఇవి ఏ ఊరి లెక్కలును కావు. బోధపడుటకై మేము కల్పించిన అంకెలు. ఒక పంచాయతీకి ఖాతాలన్నియు కలిపి 5,00,000 రూపాయల బ్యాలెన్సు ఉన్నదనుకొందము. ఇచ్చియు ఇంకను సొమ్ము కాని చెక్కులు, బిల్లులు 80,000. మిగిలినది 4,20,000. దానిలో త్రాగునీటికి, పారిశుధ్యమునకు మాత్రమే వాడవలెనని కట్టడి చేసి వచ్చిన గ్రాంటు 2,70,000. ఇక మిగిలినది 1,50,000. కట్టవలసిన వీధిదీపముల కరెంటు బిల్లు 90,000. మిగిలినది 60,000. కంట్రాక్టరు కట్టిన ధరావతు 20,000. పని బాగుగా నిలిచినచో అది అతనికి తిరిగి ఇయ్యవలసినదే గాని పంచాయతీది కాదు. చివరకు మీ యిష్టము వచ్చినట్లు ఖర్చు చేయదగినది 40,000. అయిదు లక్షల బ్యాలెన్సు గల పంచాయతీ నలుబది వేల పంచాయతీ అయినది! ఎవ్వరును ఒక్క రూపాయి తినలేదు. ఈ లెక్క తెలియక, అయిదు లక్షలున్నవని తలచి మూడు లక్షల సిమెంటు రోడ్డునకు మాట ఇచ్చిన సర్పంచి కంట్రాక్టరు వద్ద మాట పడవలసి వచ్చును, ఊరిలో మాట పడవలసి వచ్చును.

కట్టడి గ్రాంటును గూర్చి ఒక మాట. పదునైదవ ఆర్థిక సంఘము 2021-22 నుండి 2025-26 వరకు గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫారసు చేసిన గ్రాంటులలో నూటికి 60 వంతులు ఈ విధముగా కట్టుబడినవి. అందు సగము పారిశుధ్యమునకు, బహిరంగ మలవిసర్జన లేని స్థితిని నిలుపుకొనుటకు. సగము త్రాగునీటికి, వాననీటిని నిలువచేయుటకు, వాడిన నీటిని మరల వాడుకొనుటకు. మిగిలిన 40 వంతులు స్థానిక అవసరములకు. అయితే జీతములకు, సిబ్బంది ఖర్చులకు కాదు. కార్యదర్శులు వీనిని 'టైడు', 'అన్‌టైడు' అందురు. గ్రాంటు ఏ ఆర్థిక సంఘపుదైనను, ఏ సంవత్సరపుదైనను, దాని బ్యాలెన్సు ప్రక్కన ఈ మాట కూడ వ్రాసియున్నదా యని చూడుడు. కట్టిన ఎద్దును చూపి, రెండెద్దుల సేద్యమని చెప్పుకొన్నట్లు కారాదు.

2020 ఏప్రిలు 24న ఈ-గ్రామస్వరాజ్ ప్రారంభమైన తరువాత పంచాయతీ లెక్కలను ఎవరైనను ఫోనులోనే చూచు వీలు కలిగినది. పట్టణమున చదువుకొను మీ ఊరి పిల్లవాడు పండుగకు వచ్చి, ఫోను చూచి, "మన పంచాయతీలో ఇంత బ్యాలెన్సు ఉందట గదా మామయ్యా, ఏం చేస్తున్నారు?" అని రచ్చబండ మీద అడుగును. వానిపై కోపగింపవలదు. మేము పైన చెప్పిన తీసివేతలను వరుసగా వానికి చెప్పగలిగినచో, వాడే పది మందికి చెప్పును. చెప్పలేకపోయినచో దానినే మరియొక విధముగా పది మందికి చెప్పును.

సహకార సంఘములలో సభ్యులైనవారికి 'బ్యాలెన్సు షీటు' అను కాగితము వచ్చును. ఆస్తి అప్పుల పట్టిక యనుచో సరిపోవును. దానిలో రెండు వైపులును సమానముగా నుండుట చూచి సంఘము బాగుగా నున్నదని కొందరు సంతోషింతురు. అవి ఎల్లప్పుడును సమానముగనే యుండును. నష్టములో నున్న సంఘపు పట్టికయు సమానముగనే యుండును. నష్టము ఎంత యున్నదో అదియు ఒక వరుసగా వ్రాసి తట్టను సరిచేయుదురు. కావున మొత్తములు కాదు, వరుసలు చదువవలెను.

ఇన్ని చెప్పిన మేము తప్పు చేయలేదని తలపవలదు. పన్ను వసూళ్ళను గూర్చి ఒక కరపత్రమును మేమే సిద్ధము చేసితిమి. తెలుగు మాట వాడవలెనను ఉత్సాహముతో, 'బ్యాలెన్సు' అని యున్నచోట నెల్ల 'నిల్వ' అని మార్చితిమి. అచ్చు అయి ఊళ్ళకు పోయిన పిమ్మట ఒక కార్యదర్శి ఫోను చేసి, "అయ్యా, మా ఊరి పన్ను నిల్వ రెండు లక్షలని వేశారు. ఆ నిల్వ ఎక్కడుందో చూపించమని జనం నా ఇంటికి వస్తున్నారండీ" అనెను. అతని గొంతులో హాస్యమేమియు లేదు. ఇంగ్లీషు మాటను తీసివేసినంత మాత్రమున అర్థము సరికాదని మాకు ఆనాడు తెలిసినది. పన్ను పట్టికలో 'రావలసిన బాకీ', నగదు పుస్తకములో 'చేతి నిల్వ', 'బ్యాంకు నిల్వ', ఋణ పత్రములో 'తీర్చవలసిన శేషము' అని యుండవలెను. బ్యాలెన్సు అను మాట ఇప్పుడు మన నోట పాతుకొనినది, దానిని పెరికివేయవలెనని మేము అనుట లేదు. ఆ మాట వినబడినపుడు ఎవరికి, ఎవరి వద్ద, ఏ తేదీకి అని మూడు మాటలు అడుగుడనుచున్నాము. ముసలమ్మ అడిగిన నాలుగవ మాటను కూడ చేర్చుకొనుడు: వడ్డీతో కలిపియా, వడ్డీ కాకనా?

మీ కార్యదర్శులు తమ తమ గ్రామముల డి.సి.బి. పట్టికలను, గడచిన నెల నగదు పుస్తకపు నకళ్ళను తెచ్చి వెనుక బల్లపై నుంచినారు. భోజనమునకు ఇంకను అరగంట వ్యవధి యున్నది. ఏ గ్రామము వారు ఆ గ్రామపు కాగితములను తీసికొనుడు. రెండింటిలోను బ్యాలెన్సు అని యున్న వరుసను వెదకి, ప్రక్కన తెలుగులో అదేమిటో పెన్సిలుతో వ్రాయుడు. సందేహము వచ్చినవారు మమ్ము పిలువుడు. మాకును సందేహము వచ్చినచో కార్యదర్శిగారిని అడుగుదము.